బొమ్మ అని తెలిసీ భయపడటం

1963లో విడుదలైన ‘జేసన్ అండ్ ది ఆర్గొనాట్స్’ చిత్రంలో కంచు ద్వీపం మీద దిగిన హెర్క్యులీస్, అతని కుర్ర స్నేహితుడు హైలస్ కలిసి ఒక పెద్ద దిమ్మె లోపలున్న దేవతల నిధి గదిలోకి వెళ్తారు. తిండీ నీళ్లూ తప్ప ఈ ద్వీపం నుంచి మరేదీ తీసుకోవద్దని హెచ్చరిక ఉంది. అయినా ఈటెలా పనికొస్తుందని హెర్క్యులీస్ అక్కడున్న ఒక భారీ పిన్నీసును చేతబట్టుకుని బయటికొస్తాడు. దిమ్మె మీద మోకాలు మోపి కూర్చున్న టాలోస్ అంతవరకూ ఒట్టి విగ్రహం. తుప్పు పట్టిన తలుపు తెరుచుకుంటున్నట్టు కిర్రుమని చప్పుడవుతుంది. విగ్రహం తల మెల్లగా వాళ్లవైపు తిరుగుతుంది. ముఖంలో కోపం లేదు, కళ్లలో కదలిక లేదు. తల ఒక్కటే తిరిగింది. ఆ తర్వాత వచ్చే పరుగులు, నౌకను ఎత్తి కుదిపేయడం అన్నీ ఘనంగానే ఉంటాయి గాని, చూసినవాళ్లకు ఎన్నేళ్లకైనా గుర్తుండేది ఆ తల తిరగడమే.

టాలోస్ ఒక బల్ల మీద నిలబెట్టి కదిలించిన బొమ్మ అని ఈనాటి ప్రేక్షకులలో తెలియనివారు ఉండరు. కదలికలో అదురు కనిపిస్తుంది. బొమ్మకూ వెనకున్న సముద్రానికీ మధ్య రంగులో తేడా పట్టుబడుతుంది. అంతకు వెయ్యి రెట్లు నిజంగా కనిపించే రాక్షసులను ఇప్పుడు ప్రతి పండగ సినిమాలోనూ చూపిస్తున్నారు. వాటిలో చాలావరకు థియేటరు మెట్లు దిగేలోపే మనసులోంచి చెరిగిపోతాయి. టాలోస్ మాత్రం చెరిగిపోలేదు. కారణం ఏమిటన్న ప్రశ్నకు సాధారణంగా వినిపించే జవాబు, చిన్నప్పుడు చూసిన వాటిమీద ఉండే మమకారం అన్నది. అందులో కొంత నిజం ఉన్నా లెక్క కుదరదు. 1933లో ‘కింగ్ కాంగ్’ను లాస్ ఏంజెలెస్ థియేటరులో చూసి, దాన్ని ఎలా తీశారో తెలుసుకోవడానికే జీవితాన్ని అంకితం చేసి, తర్వాత ఈ టాలోస్‌ను కదిలించిన రే హ్యారీహౌసెన్‌కు అప్పుడు పదమూడేళ్లు. అదే సినిమాను చిన్నతనంలో న్యూజీలాండ్‌లో టీవీలో చూసి, తనూ అలాంటి బొమ్మ చేయబోయిన దర్శకుడు పీటర్ జాక్సన్ 1961లో పుట్టాడు. అంటే అతను పుట్టేనాటికే ఆ సినిమాకు ఇరవై ఎనిమిదేళ్ల వయసు. తన కాలానికి చెందని వస్తువు మీద ఎవరికీ జ్ఞాపకాల మమకారం ఉండదు. ఆకర్షణకు కారణం ఆ సినిమాల లోపలే, వాటిని తీసిన పద్ధతిలోనే వెతకాలి.

ఆ పద్ధతి చెప్పడానికి చాలా తేలిక. ఉక్కుతో కీళ్లున్న చిన్న అస్థిపంజరం తయారుచేస్తారు. భుజం, మోచేయి, నడుము, వీలైతే వేళ్లు కూడా ఎటు వంచితే అటు వంగి అక్కడే నిలిచేలా బంతికీళ్లు బిగిస్తారు. దాని మీద రబ్బరు నురగతో కండ పోసి, రంగు వేస్తారు. బొమ్మను కెమెరా ముందు నిలబెట్టి ఒక ఫ్రేము తీస్తారు. చేయిని పిసరంత జరిపి మరో ఫ్రేము తీస్తారు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది కాబట్టి, బొమ్మ ఒక్క అడుగు వేయాలంటే మనిషి చేయి దాన్ని చాలాసార్లు తాకాలి. దీన్నే స్టాప్ మోషన్ అంటున్నారు. ఈ పనికి హాలీవుడ్‌లో పెద్దదిక్కు విల్లిస్ ఓబ్రియన్. అతని కాంగ్ తెరమీద ఆకాశహర్మ్యం ఎక్కిన మృగమే అయినా, స్టూడియోలో బల్ల మీద నిలిచిన కాంగ్ ఎత్తు 18 అంగుళాలు, సరిగ్గా మూరెడు. మార్సెల్ డెల్గాడో తయారుచేసిన ఆ బొమ్మకు కుందేలు బొచ్చు అంటించారు. ప్రతి ఫ్రేముకూ వేళ్లు తగిలి ఆ బొచ్చు చెదిరేది. సినిమా నడిచేటప్పుడు కాంగ్ ఒళ్లంతా చిన్న గాలి కెరటం పాకుతున్నట్టు కనిపించేది. పనివాళ్లకు అది తలవంపు తెచ్చే లోపం. చూసిన కొందరు మాత్రం దాన్ని మృగానికి కోపం వచ్చినప్పుడు రోమాలు నిక్కబొడుచుకోవడంగా అర్థం చేసుకున్నారు.

ఇందులో ఉన్నది హాస్యం ఒక్కటే కాదు. తెరమీద కదిలిన ఆ బొచ్చు మనిషి వేళ్ల జాడ, కుండ మీద కుమ్మరి వేలి గీత లాంటిది. చేసిన చేయి చేసిన వస్తువు మీద ఉండిపోయింది. ప్రేక్షకుడు దాన్ని చేయి అని గుర్తించకపోయినా, లోపల ఏదో ప్రాణం ఉన్నట్టు తోచింది. నిజానికి ఉంది కూడా, కాకపోతే అది కాంగ్‌ది కాదు.

హ్యారీహౌసెన్ ఈ పనిని మరో అడుగు ముందుకు తీసుకెళ్లాడు. కాంగ్ తిరిగే అడవిని ఓబ్రియన్ బృందం అద్దాల మీద చిత్రించిన బొమ్మలతో, చిన్నచిన్న చెట్లతో కట్టుకోవలసి వచ్చింది. అది ఖర్చుతో కూడిన వ్యవహారం. డబ్బు తక్కువ, మనుషులు తక్కువ ఉన్న హ్యారీహౌసెన్ నిజమైన చోట తీసిన దృశ్యం మధ్యలోకే బొమ్మను చొప్పించే ఉపాయం కనిపెట్టాడు. ముందు నటులతో సముద్రతీరంలోనో శిథిలాల మధ్యనో దృశ్యం తీస్తారు. ఆ ఫిల్మును స్టూడియోలో ఒక తెర మీద వెనకనుంచి ఒక్కో ఫ్రేముగా ప్రొజెక్ట్ చేసి ఆపుతారు. తెరకు ముందు బల్ల, బల్ల మీద బొమ్మ, బొమ్మకూ కెమెరాకూ మధ్య ఒక అద్దపు పలక ఉంటాయి. బల్ల అంచు ఎక్కడ కనబడుతుందో చూసుకుని, అద్దం మీద ఆ గీత కిందిభాగమంతా నల్లరంగు పూస్తారు. అప్పుడు బల్ల ఫిల్ము మీద పడదు, ఆ మేరకు ఫిల్ము ఖాళీగా మిగిలిపోతుంది. బొమ్మను ఫ్రేము తర్వాత ఫ్రేముగా కదిలిస్తూ దృశ్యం ముగించాక, ఫిల్మును మొదటికి చుట్టి, ఈసారి గీత పైభాగానికి నలుపు పూసి, ఖాళీగా మిగిలిన కిందిభాగంలో అసలు దృశ్యపు నేలను, రాళ్లను, నిలబడ్డ మనుషులను ఎక్కిస్తారు. ఫలితంగా ముందు మనిషి, వెనక సముద్రం, మధ్యలో రాక్షసుడు. ఎక్కడా అతుకు ఉండకూడదు. ఉంటే రోజుల తరబడి చేసిన పని చెత్తబుట్టలోకే. నిర్మాత చార్లెస్ ష్నీర్ దీనికి ‘డైనమేషన్’ అని పేరు పెట్టి పోస్టర్ల మీద అచ్చువేయించాడు. తన బ్యూక్ కారులో రాసి ఉన్న ‘డైనాఫ్లో’ అన్న మాట చూసి ఆ పేరు తట్టిందంటారు.

ఒకే ఫిల్మును అక్కడక్కడా కప్పి, వెనక్కి చుట్టి, మళ్లీ ఎక్స్‌పోజ్ చేయడం తెలుగు సినిమాకు తెలియని విద్య ఏమీ కాదు. 1961 నాటి ‘సీతారామ కళ్యాణం’లో రావణుడి పది తలలను చూపించడానికి ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్ ఇలాంటి మాస్కులనే నమ్ముకుని, ఒకే ఫిల్ము మీద ఎన్టీ రామారావు ముఖాన్ని మళ్లీ మళ్లీ తీశాడు. కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా తలలు ఒకదాని మీద ఒకటి పడతాయి, మొత్తం మొదటికొస్తుంది. కాలిఫోర్నియాలోనూ మద్రాసులోనూ అప్పట్లో ఈ పని చేసినవాళ్ల ఇబ్బంది ఒకటే. చేసింది సరిగ్గా వచ్చిందో లేదో ల్యాబు నుంచి ఫిల్ము కడిగి వచ్చేదాకా తెలిసేది కాదు.

ఈ కష్టం ఎంతటిదో చూడాలంటే ‘జేసన్’ చివర్లో వచ్చే అస్థిపంజరాల యుద్ధం దగ్గర ఆగాలి. గ్రీకు పురాణంలో పాము కోరలను భూమిలో నాటితే పుట్టేది ఆయుధాలు పట్టిన యోధులు. కుళ్లిన శవాలు లేచి వచ్చినట్టు చూపాలని హ్యారీహౌసెన్‌కు మొదట ఉన్నా, సెన్సారు పిల్లలను సినిమాకు రానివ్వదన్న భయంతో శుభ్రమైన ఎముకల దగ్గర సర్దుకున్నాడు. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. 1958 నాటి ‘సెవెంత్ వాయేజ్ ఆఫ్ సింద్‌బాద్’లో ఒక్క అస్థిపంజరంతో జరిగే కత్తియుద్ధాన్నే బ్రిటన్‌లో కత్తిరించారు. ఈసారి అస్థిపంజరాలు ఏడు, ఎదురు నిలిచిన మనుషులు ముగ్గురు. ముందు స్టంటు మనుషులను అస్థిపంజరాల స్థానంలో ఉంచి పోరాటమంతా సాధన చేయించారు. తర్వాత వాళ్లను తప్పించి, నటుల చేత ఒట్టి గాలితో కత్తియుద్ధం చేయించి చిత్రీకరించారు. ఆ నటులు కత్తిని గాలిలో ఎక్కడ ఆపారో, నెలల తర్వాత స్టూడియోలో ఒంటరిగా నిలబడ్డ హ్యారీహౌసెన్ బొమ్మ చేతిలోని కత్తిని సరిగ్గా అక్కడికే తీసుకురావాలి. ఒక్కో బొమ్మ జానెడు ఎత్తు. తల, రెండు చేతులు, రెండు కాళ్లు అని లెక్కవేసుకున్నా, ఏడింటికి కలిపి ఒక్క ఫ్రేముకు 35 అవయవాలు జరపాలి. ఎవరి కాలు ముందుకు వెళ్తోంది, ఎవరి చేయి వెనక్కి వస్తోంది అన్నదంతా తలలోనే పెట్టుకోవాలి. మధ్యలో ఫోను మోగితే అంతే సంగతులు. రోజుకు సగటున పదమూడు ఫ్రేములు పూర్తయ్యేవి. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేస్తే తెరమీద అర సెకను. తెరమీద నిమిషాల్లో ముగిసే ఆ పోరాటానికి నాలుగున్నర నెలలు పట్టింది. ఆ ఏడింటిలో ఒకటి 1958లో సింద్‌బాద్‌తో పోరాడిన పాత అస్థిపంజరమే. హ్యారీహౌసెన్ ఏ బొమ్మనూ ఊరికే పారేసే రకం కాదు. ఒక రాక్షసుడి చర్మం ఒలిచి, లోపలి ఉక్కును మరో రాక్షసుడికి వాడుకోవడం అతనికి మామూలే.

అయితే కష్టపడ్డంత మాత్రాన కళ కాదు. నాలుగున్నర నెలలు కష్టపడి చెత్త తీసినవాళ్లు ప్రతి పరిశ్రమలోనూ ఉన్నారు. ఇక్కడ చూడవలసింది ఆ కాలమంతా ఒక్క మనిషే పనిచేయడం. నేడు ఒక రాక్షసుడిని తెరమీదికి తేవడానికి వందలమంది, కొన్నిసార్లు మూడు నాలుగు దేశాల్లో కూర్చుని, చర్మం ఒకరు, కదలిక ఒకరు, వెలుతురు మరొకరు చొప్పున పంచుకుంటారు. హ్యారీహౌసెన్ తన చిత్రాలలో చాలావాటికి కదలిక మొత్తం తానొక్కడే చేశాడు. బొమ్మల లోపలి ఉక్కు కీళ్లను చాలాకాలం యంత్రాల పని తెలిసిన అతని తండ్రి చేసిపెట్టేవాడు. అంతకు మించి బృందం లేదు. అందుకే టాలోస్, ఒంటికన్ను రాక్షసుడు సైక్లోప్స్, తలమీద పాములున్న మెడూసా వేర్వేరు ఆకారాలైనా, వాటి నడవడిలో ఒకే నటుడి ముద్ర పట్టుబడుతుంది. ఎక్కువ పాళ్లు తానే చేతపట్టిన గొరిల్లా చిత్రం ‘మైటీ జో యంగ్’ తీస్తున్నప్పుడు, పాత్రలోకి దిగడానికి టీ వేళ క్యారెట్లు, సెలరీ కాడలు నమిలేవాడినని అతనే చెప్పుకున్నాడు. ఆ సినిమా 1949లో వచ్చింది. దానికి స్పెషల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ అందుకున్న పేరు ఓబ్రియన్‌ది.

ఈ నటన ఎలాంటిదో రాక్షసులు చచ్చిపోయే తీరులో తెలుస్తుంది. మడమలోని మూతను జేసన్ విప్పేయగానే టాలోస్ ఒంట్లోని ద్రవం ఆవిర్లు కక్కుతూ కారిపోతుంది. కంచు మనిషికి ఊపిరి లేదు. అయినా ఊపిరాడనట్టు గొంతు పట్టుకుంటాడు, తూలుతాడు, ఒంటిమీద పగుళ్లు పాకుతాయి. ఒక్క క్షణం ముందు వరకూ పారిపోవాలనిపించిన దాని మీద జాలి కలుగుతుంది. కాంగ్ అయితే గోపురం అంచున నిలబడి, ఒంట్లో దిగిన తూటా గాయాన్ని వేలితో తడిమి చూసుకుంటాడు, ఏమైందో అర్థంకాని పసివాడిలా. ఆ ఒక్క అభినయం కథలో రాయకపోయినా సినిమాకు నష్టం ఉండేది కాదు. బొమ్మ దగ్గర నిలబడ్డ మనిషికి తోచింది, చేశాడు. మన పౌరాణికాల్లో కూడా జనం గుర్తుపెట్టుకునేది దుర్యోధనుడు తొడ విరిగి పడిపోయిన ఘట్టాన్నే గాని, అతని జైత్రయాత్రలను కాదు. ప్రతినాయకుడు ఎలా పోయాడన్నదే అతని మీద చివరి తీర్పు.

ఇక కదలికలోని అదురు సంగతి. దీని గురించి ఎక్కువ అపోహ ఉంది గనుక కాస్త వివరంగా చెప్పుకోవాలి. నడుస్తున్న మనిషిని మామూలు కెమెరాతో తీసినప్పుడు, ఒక్కో ఫ్రేము తెరుచుకుని మూసుకునే ఆ కాస్త వ్యవధిలో కూడా మనిషి కదులుతూనే ఉంటాడు. కాబట్టి ప్రతి ఫ్రేములో చేయీ కాలూ కొంచెం అలుక్కుపోయినట్టు పడతాయి. ఆ అలుకుడే కంటికి కదలికను నున్నగా చూపిస్తుంది. బొమ్మ మాత్రం ఫ్రేము తీసే సమయంలో కదలకుండా నిలబడి ఉంటుంది. ప్రతి ఫ్రేమూ నిశ్చలమైన ఫోటోయే. అవి వరసగా నడిచినప్పుడు అంచులు మరీ పదునుగా ఉండి, కదలిక తునకలు తునకలుగా అనిపిస్తుంది. దీన్ని పోగొట్టడానికి ‘స్టార్ వార్స్’ బృందంలోని ఫిల్ టిప్పెట్ తదితరులు ఒక ఉపాయం చేశారు. ఫ్రేము తీసే క్షణంలో బొమ్మను మోటార్లతో కొద్దిగా కదిలించే గో మోషన్ పద్ధతిని 1981 నాటి ‘డ్రాగన్‌స్లేయర్’లో వాడారు. అందులోని డ్రాగన్ కదలిక అద్భుతం. అయినా హ్యారీహౌసెన్ ఆ దారికి రాలేదు. పూర్తిగా నిజంలా ఉంటే కల తాలూకు గుణం పోతుందన్నది అతని వాదన.

ఆ వాదన తన లోటును కప్పిపుచ్చుకోవడానికి చేసిందిగా మొదట అనిపించవచ్చు. టాలోస్‌నూ అస్థిపంజరాలనూ మళ్లీ చూస్తే మాట మార్చుకోక తప్పదు. కంచు విగ్రహం బిర్రబిగిసి కదలకపోతే ఇంకెలా కదులుతుంది? కండలు లేని ఎముకలు నున్నగా నడిస్తే ఎవరు నమ్ముతారు? పద్ధతిలోని లోపమూ పాత్ర స్వభావమూ ఒకదానికొకటి అతికిపోయిన చోట ఈ చిత్రాలకు ఈనాటికీ సాటి లేదు. అతకని చోట పాతబడిపోయాయి. అదే హ్యారీహౌసెన్ మామూలు జంతువులను, ఎగిరే గుర్రాలను కదిలించినప్పుడు మన కన్ను క్షమించదు. గుర్రం ఎలా పరిగెత్తుతుందో కంటికి తెలుసు. ఏడు తలల హైడ్రా ఎలా పాకుతుందో ఎవరికీ తెలియదు.

ఇందులో ప్రేక్షకుడి వాటా కూడా ఉంది. తోలుబొమ్మలాటలో రావణుడి బొమ్మ చేతికి కట్టిన పుల్ల తెల్లటి పంచె మీద నీడగా కనిపిస్తూనే ఉంటుంది. వెనక ఆడించేవాడి గొంతు ఎవరిదో ఊరివాళ్లకు తెలుసు. అలాగని హనుమంతుడు లంకను కాల్చేటప్పుడు పుల్లను చూసి నవ్వినవాడు లేడు. పుల్లను చూడటం, లంకను చూడటం రెండూ ఒకేసారి జరుగుతాయి. ‘మాయాబజార్’లో లడ్డూలు వాటంతట అవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లేటప్పుడు ప్రేక్షకుడు నమ్మడం, ‘భలే చేశాడే’ అనుకోవడం ఒకే చప్పట్లో ఉన్నాయి. చేత్తో చేసిన రాక్షసుడి దగ్గర జరిగేది ఈ రెండు చూపుల ఆటే. గ్రాఫిక్స్ రాక్షసుడి విషయంలో రెండో చూపుకు చోటు తక్కువ. బాగుంటే ‘కంప్యూటర్ చేసింది’ అంటారు, బాగుండకపోతే ‘గ్రాఫిక్స్ తేలిపోయాయి’ అంటారు. ఎవరు చేశారన్న ఊహ మెదలదు. ఇది ఆ పని చేసిన వందలమందికి జరిగే అన్యాయం కూడా, ఎందుకంటే అదీ మనుషుల పనే, కళ్లు కాయలు కాచే పనే. కాకపోతే వాళ్ల వేళ్ల జాడను చెరిపేయడమే వాళ్లకు అప్పజెప్పిన ఉద్యోగం.

కొరత చేసిన మేలు మరొకటి ఉంది. 1955 నాటి ఒక చిత్రంలో శాన్‌ఫ్రాన్సిస్కో మీద దాడిచేసే మహా ఆక్టోపస్‌కు హ్యారీహౌసెన్ ఆరు కాళ్లే పెట్టాడు. ఎనిమిదీ కదిలించడానికి డబ్బూ సమయమూ లేవు. లెక్కపెట్టకుండా నీళ్లూ ఫ్రేము అంచులూ కాపాడాయి. రాక్షసుడు తెరమీద ఉండే ప్రతి సెకనుకూ ఇన్ని రోజుల కూలి అని తెలిసినప్పుడు దర్శకుడు దాన్ని ఆచితూచి చూపిస్తాడు. ముందు అడుగుల గుర్తు, తర్వాత చప్పుడు, ఆ తర్వాత నీడ, చివరికి ఆకారం. ‘సెవెంత్ వాయేజ్’లో సైక్లోప్స్ గుహలోంచి బయటికొచ్చే తొలి దృశ్యం ఎంత అదిరిపోయేలా ఉన్నా, నిజానికి అది కొద్ది సెకన్ల పనే. దానికి మేక కాళ్లు పెట్టడంలో కూడా లెక్క ఉంది. రెండు కాళ్ల మీద నడిచేది ఏదైనా, లోపల మనిషి దూరి ఉన్నాడని జనం అనుకుంటారు. ఆ మోకాళ్లు వెనక్కి వంగి ఉంటే ఆ అనుమానానికి తావులేదు. ఈ కొరతను పూడ్చినవారిలో సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్‌ను మరవరాదు. సింద్‌బాద్‌తో అస్థిపంజరం కత్తి దూసినప్పుడు అతను జైలోఫోన్ కర్రముక్కల మీద పలికించిన టకటకలు లేకపోతే, ఆ ఎముకలకు సగం బలం కూడా ఉండేది కాదు.

ఈ చిత్రాలలో లోపాలు లేవని కాదు. కథానాయకులు చాలావరకు కొయ్యబారి ఉంటారు. బొమ్మలకున్న హావభావాలు వాళ్లకు లేవన్న ఎగతాళి పాతదే, న్యాయమైనదే. హ్యారీహౌసెన్ ముందుగా బొగ్గుతో పెద్ద పెద్ద దృశ్యచిత్రాలు గీసి, వాటి చుట్టూ కథ అల్లించేవాడు. కాబట్టి కథ పూసలదండలా ఉంటుంది, పూసకూ పూసకూ మధ్య దారం బాగా పలచన. తూర్పు దేశాల వేషభాషలు, దేవుళ్లు అన్నీ కలిపి కలగాపులగం చేశారు. 1973 నాటి సింద్‌బాద్ చిత్రంలో ఆరు చేతుల కాళికాదేవి విగ్రహం కత్తులు తిప్పుతూ పోరాడటం సాంకేతికంగా గొప్ప పనే గాని, మన పాఠకుడికి ముందు కలిగేది ఈ దేవత ఈ కథలోకి ఎలా వచ్చిందన్న సందేహం. పూసలదండ కథల విషయంలో మాత్రం తెలుగువారు పెద్దగా ఫిర్యాదు చేయలేరు. ఏడు సముద్రాలు దాటి, మర్రితొర్రలోని చిలకను పట్టే దాకా మెట్టుమెట్టుకో గండం ఎదురయ్యే జానపద కథల మీదే మన ప్రేక్షకులు పెరిగారు. హ్యారీహౌసెన్ పుట్టిన 1920లోనే ఉడుపి ప్రాంతంలో పుట్టిన బి.విఠలాచార్య, అంతకంటే ఎంతో తక్కువ డబ్బుతో, దయ్యాలనూ కొరివి మంటలనూ కెమెరా ఉపాయాలతో రప్పించి ‘జానపద బ్రహ్మ’ అనిపించుకున్నాడు. ఈ ఇద్దరి పనితనాన్ని ఒకే తూకంలో వేయడం సరికాదు. హ్యారీహౌసెన్ దగ్గరున్న నెలల తరబడి ఓపిక పట్టే సౌకర్యం విఠలాచార్య షెడ్యూళ్లలో లేదు. అయినా 1978లో ‘జగన్మోహిని’ని జనం విరగబడి చూడటానికీ, ‘జేసన్’ను పదేపదే చూడటానికీ చుట్టరికం ఉంది.

హ్యారీహౌసెన్ చివరి చిత్రం 1981లో వచ్చిన ‘క్లాష్ ఆఫ్ ది టైటాన్స్’. ‘స్టార్ వార్స్’ వచ్చి నాలుగేళ్లయింది కాబట్టి అది పుట్టుకతోనే పాతదిగా కనిపించింది. అందులో ఒక్క మెడూసా ఘట్టం చాలు, ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి. ఆరిపోతూ వెలుగుతూ ఉండే నిప్పుల వెలుతురులో, తోక చివర గిలక చప్పుడు చేస్తూ, నేలమీద చేతులతో ఒళ్లు ఈడ్చుకుంటూ ఆమె వస్తుంది. తలమీది ఒక్కొక్క పామునూ ప్రతి ఫ్రేముకూ విడిగా జరపాలి, ముఖం మీద పడే నిప్పుల వెలుగును కూడా ఫ్రేముకొకలా మార్చాలి. ఆ చీకటి బొమ్మలోని అదురును చాలావరకు మింగేసింది. కదలిక, వెలుతురు, చప్పుడు ఇంతగా కుదిరిన ఘట్టం అతని సినిమాల్లో మరొకటి లేదు.

1993లో ‘జురాసిక్ పార్క్’ వచ్చినప్పుడు ఈ విద్య ముగిసిందని అందరూ అన్నారు. ఆ సినిమాకు మొదట గో మోషన్ బొమ్మలు చేయాలని పిలిచిన ఫిల్ టిప్పెట్, కంప్యూటర్ డైనోసార్ల నమూనా చూసి తానిక అంతరించిపోయిన జాతినేనన్న ధోరణిలో మాట్లాడాడు. ఆ మాటను సినిమాలో సంభాషణగా కూడా పెట్టారు. అయితే అతన్ని పంపించేయలేదు. బరువున్న జంతువు అడుగు ఎలా వేస్తుందో, తల తిప్పేముందు మెడ ఎలా కదులుతుందో కంప్యూటర్ కుర్రాళ్లకు చెప్పగలిగినవాడు అతనే. పాతతరం బొమ్మల పనివాళ్లు చేత్తో కదిలిస్తే ఆ కదలిక కంప్యూటర్‌లోకి ఎక్కేలా, కీళ్లలో సెన్సర్లు పెట్టిన ఉక్కు అస్థిపంజరాలను కూడా తయారుచేశారు. ఆ చిత్రంలో డైనోసార్లు తెరమీద ఉండేది మొత్తం పదిహేను నిమిషాలు దాటదు. అందులోనూ ఎక్కువ భాగం స్టాన్ విన్‌స్టన్ బృందం కట్టిన యంత్రపు బొమ్మలదే. ముప్పై ఏళ్లు గడిచినా ఆ సినిమా వాడిపోకపోవడానికి, దాని తర్వాత వచ్చిన ఎన్నో గ్రాఫిక్స్ చిత్రాలు వాడిపోవడానికి ఈ లెక్కలో కొంత జవాబు ఉంది. వానలో తడిసిన నిజమైన రబ్బరు చర్మం మీద వెలుతురు ఎలా జారుతుందో చూసుకుని, పక్కనే గ్రాఫిక్స్ జంతువును దానికి సరితూగేలా చేశారు.

హ్యారీహౌసెన్ 2013లో లండన్‌లో మరణించాడు. ఆయన బొమ్మలు, చిత్రాలు, అచ్చులు ఆయన పేరిట ఉన్న ఫౌండేషన్ సంరక్షణలో ఉన్నాయి. శతజయంతి సందర్భంగా 2020లో ఎడిన్‌బరోలో వాటిని పెద్ద ప్రదర్శనగా పెట్టారు. వాటిని కాపాడటంలో ఒక చిక్కు ఉంది. లోపలి ఉక్కు కీళ్లు నేటికీ వంచితే వంగే స్థితిలో ఉండగలవు గాని, పైనున్న రబ్బరు కాలం గడిచే కొద్దీ ఎండి, బిగుసుకుని, పొరలు పొరలుగా రాలిపోతుంది. అలాగే వదిలేస్తే కొన్నాళ్లకు కీళ్ల ఉక్కు తప్ప ఏమీ మిగలదు. కొత్త చర్మం తొడిగితే చూడటానికి బాగుంటుంది, కాని హ్యారీహౌసెన్ వేళ్లు ఫ్రేము ఫ్రేముకూ తాకిన చర్మం అది కాదు.